టమాటా తోటలోని చిన్న రెక్కల పురుగు: ఒక పేరు చరిత్ర

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విద్యార్థులకు టమాటా తోట కొత్త కాదు. ఆకులోని పచ్చదనాన్ని తినేసి పల్చని మచ్చలు మిగిల్చే, కాయకు సూదిబెజ్జాలు పెట్టే టూటా పురుగూ మీకు తెలిసే ఉంటుంది. దీని రెక్కల పురుగు బూడిదరంగులో చాలా చిన్నగా ఉంటుంది. దానికి పేరెలా వచ్చిందో చూద్దాం.

పెరూ దేశంలో దొరికిన నమూనాను 1917లో ఎడ్వర్డ్ మేరిక్ వర్ణించి 'థోరిమియా అబ్సొల్యూటా' అన్నాడు. ఆయన ఇంగ్లండులో బడిపంతులు. ఆఫ్రికా, ఇండియాల నుంచి అందిన చిన్న రెక్కల పురుగులెన్నింటికో ఆయనే పేర్లు పెట్టాడు. రెక్కల ఈనెలనే నమ్మి, జననాంగాల పరీక్షను పక్కనబెట్టాడు. అది మొండితనమే అనుకుంటాను. ఆ పరీక్షతోనే తర్వాతివారు ఈ జాతిని ఒక ప్రజాతి నుంచి మరొక దానికి మార్చారు. 1994లో పోవోల్నీ దీన్ని 'టూటా'లో చేర్చాడు. 2021లో మళ్లీ మేరిక్ చెప్పిన ప్రజాతికే తెచ్చారు. 'అబ్సొల్యూటా' మాత్రం మారలేదు.

ఈ పురుగు 2006లో స్పెయిన్‌లో, తర్వాత ఉత్తర ఆఫ్రికాలో, 2014లో మహారాష్ట్రలో కనిపించింది. ఆపై దక్షిణాదికి వచ్చింది. పోల్చి చూసేందుకు వర్ణన అప్పటికే సిద్ధంగా ఉంది.

ఈ పోలిక పొలంలోనూ అవసరమే. ఆకులో పాములాంటి సన్నని గీతలు గీసేది ఒక ఈగ పిల్లపురుగు. టూటాది వెడల్పాటి మచ్చ. తేడా తెలియక ఒకదానికి వాడాల్సిన మందు మరొకదానికి కొడితే రైతుకు ఖర్చే మిగులుతుంది. లింగాకర్షక బుట్టలోని ఎర కూడా దాని జాతి మగపురుగులనే పిలుస్తుంది. ఎర పొట్లంమీద పేరు చదివే కొనాలి. 'టూటా' అని ఉన్నా, 'థోరిమియా' అని ఉన్నా పురుగు అదే.