చెఱువులోని పుట్టినిల్లు



మన సిద్దిపేట ప్రాంతమున చెఱువును గూర్చి మాటలాడువారు నీటిని గూర్చి మాటలాడుదురు. చేపను గూర్చి మాటలాడువారు రుచిని గూర్చి మాటలాడుదురు. ఆ చేప యెచ్చట పుట్టినదని యడుగువారు అరుదు.

2016లో తెలంగాణ ప్రభుత్వము కొర్రమట్టను రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. ఆ గౌరవమున కది తగినదే. అది నీటిపైకి వచ్చి గాలిని పీల్చి బ్రదుకఁగలదు. చెఱువెండినపుడు తడిబురదలో దాఁగి వానకై యెదురుచూచును. తొలకరి కొత్తనీరు రాఁగానే జంటగా శిఖములోని లోఁతులేని నీటికి వచ్చి, తుంగను నాచును తొలగించి గుండ్రని చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును. అవి నీటిపై తేలుచుండును. పిల్లలు ఎఱ్ఱని గుంపుగా తిరుగునపుడు పెద్దచేపలు వానిని విడువక కాచుచుండును. ఈ వాత్సల్యమే వాని ప్రాణము తీయుచున్నది. పిల్లల గుంపు కనఁబడినచోట గాలము వేయుట వేఁటకాండ్రకు సులభముగదా!

ఈ విషయమున పూర్వులు బొత్తిగా ఆలోచింపనివారు కారు. అశోకుఁడు పట్టాభిషిక్తుఁడైన 26 ఏండ్లకు, అనఁగా క్రీ. పూ. 243 ప్రాంతమున, వ్రాయించిన యైదవ స్తంభశాసనమున కొన్నిజాతుల చేపలను చంపరాదనెను. చాతుర్మాస్య పున్నములనాఁడు, వాని ముందువెనుక దినములయందును, చేపలను చంపుటయు అమ్ముటయు కూడదనెను. చూలుతో నున్న గొఱ్ఱెలకును మేఁకలకును అచ్చటనే యభయ మిచ్చెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు మూఁడవ సోమేశ్వరుఁడు మానసోల్లాసమున మత్స్యవినోదమని యొక ప్రకరణమే చేర్చెను. అది వేఁటవినోదమునకై వ్రాసినదే. అయినను ఏ చేప యే నీట నుండునో, ఏమి తినునో యెఱిఁగిన వాఁడు వ్రాసినది. ఆంగ్లేయులకాలమున ఫ్రాన్సిస్ డే యను వైద్యుఁడు 1873 నాఁటి తన నివేదికలో గ్రుడ్లుపెట్టు చేపలును పిల్లలును నశించుచున్నవని మొఱపెట్టెను. 1897లో మత్స్యచట్టము వచ్చి, మందుగుండుతోను విషముతోను చేపలను చంపుట నిషేధించెను. ఆ చట్టము బ్రిటిషు ఇండియాకే గాని నాఁటి మన నిజాము రాజ్యమునకు చెల్లలేదు.

మనకు చట్టముకంటె మేలైనది మఱియొకటి యుండెను: గొలుసుకట్టు చెఱువులు. పై చెఱువు అలుగు దుమికిన నీరు వాగై క్రింది చెఱువును చేరును. ఆ వాగే చేపలకు బాట. తొలివానకు పరిగెలు, జెల్లలు, వాలుగలు ఎదురెక్కి పోవుట పల్లెలో పుట్టినవారందఱును చూచినదే.

2015లో మిషన్ కాకతీయ ఆరంభమై 46,000కు పైఁబడిన చెఱువులను బాగుచేయ సంకల్పించినది. పూడిక తీసిరి, గట్లు బలపఱచిరి. మన కోమటిచెఱువు గట్టు విహారస్థలమైనది. 2020లో రంగనాయకసాగరమునకు గోదావరి నీరే వచ్చినది. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని నీరు వచ్చుట వేఱు, తొలకరి కొత్తనీరు వచ్చుట వేఱు. పూడికతో పాటు అంచుల నిటారుగా కోసివేసినచో నీరు హెచ్చును గాని కొర్రమట్టకు గూఁడు కట్టుటకు చోటు మిగులదు.

చెఱువులలో వదలుచున్న పిల్లలు బహుళముగా బొచ్చె, రవ్వ, మోసులు. ఇవి నిలిచిన నీట గ్రుడ్లు పెట్టవు, వఱదనీరు కావలెను. 1957లో హీరాలాల్ చౌధురిగారు చేప మెదడుక్రింది గ్రంథిరసమును సూదితో నెక్కించి వీనిచే గ్రుడ్లు పెట్టించిన పిదపనే చెఱువులకు విత్తనము సమృద్ధిగా దొరకసాగినది. అది గొప్ప విద్య, బెస్తలకు జీవనము. అయితే ఏఁటేఁట తెచ్చి పోయవలసిన విత్తనమది. కొర్రమట్టయో, తానే పుట్టి తానే పెరుగును. చిన్నచేపలను తినునని దానిని శత్రువుగా నెంచి, పెంపకపు కుంటలలో ఇప్పచెక్క కలిపి చంపువారు గలరు. రాష్ట్రమత్స్యమునకు మంచి మర్యాద!

మృగశిరకార్తె నాఁడు చేప తినవలెనని మనకు పట్టుదల. సరిగా కడుపున గ్రుడ్లున్న దినము లవియే. పండుగ మానుఁడని నేననను. శిఖములో తుంగగల యొక మూలను త్రవ్వక విడిచి, తొలకరి మొదలు ఆషాఢపు పున్నమ వఱకు ఆ మూల వల వేయకుండుఁడని మాత్రము ప్రతి గ్రామపు మత్స్యసహకార సంఘమువారికి మనవి చేయుచున్నాను. దీనికి ఖర్చు లేదు.