చేజ్ గారి పదివేలు

అమెరికాలో ఒకప్పుడు పదివేల డాలర్ల నోటుండేదంటే ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు కూడా నమ్మరు. దానిమీద బొమ్మ సామన్ చేజ్‌ది. (చేజ్ బ్యాంకుకున్నది ఈయన పేరే. బ్యాంకు మాత్రం ఈయన పెట్టింది కాదు.)

అంతర్యుద్ధం రోజుల్లో చేజ్ లింకన్ దగ్గర ఆర్థికమంత్రి. యుద్ధం ఖర్చుకి బంగారం, వెండి చాలలేదు. 1862 ఫిబ్రవరి 25న చట్టం చేసి పచ్చనోట్లు అచ్చువేశారు. ఎవరు ఏ అప్పు కింద ఇచ్చినా పుచ్చుకోవలసిందే అన్నారు. దిగుమతి సుంకం కింద ఇస్తే మాత్రం ప్రభుత్వమే పుచ్చుకోదు!

హెప్‌బర్న్ అనే ఆవిడ 1860లో 11,250 డాలర్లకి ప్రామిసరీ నోటు రాసిచ్చింది. గడువు 1862 ఫిబ్రవరి 20. అంటే చట్టానికి సరిగ్గా అయిదు రోజుల ముందు. ఆ తర్వాత ఆవిడ పచ్చనోట్లు ఇవ్వబోతే అప్పిచ్చినాయన ససేమిరా అన్నాడు. బంగారం, వెండి నాణేలే చెల్లే రోజుల్లో చేసిన అప్పుకి, అంతకంటే తక్కువ ధర పలికే కాగితం ఎలా చెల్లుతుంది? వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అప్పటికి అక్కడ ప్రధాన న్యాయమూర్తి ఎవరనుకున్నారు? చేజే! తన హయాంలో పుట్టిన నోటు పాత అప్పులకి చెల్లదని 1870లో తనే తీర్పు రాశాడు. ఇద్దరు కొత్త న్యాయమూర్తులు రాగానే, మరుసటేడు కోర్టు 5–4 తేడాతో ఆ తీర్పు తిరగేసింది. చేజ్ ఓడిన పక్షాన మిగిలాడు. అలాంటాయన్ని తెచ్చి అంత పెద్ద నోటుకెక్కించారు.

పెద్ద నోట్ల అచ్చు 1945లో ఆగింది, పంపిణీ 1969లో ఆపేశారు. రద్దు మాత్రం చెయ్యలేదు. ఆ పదివేల నోటు ఈరోజుకీ చెల్లుతుంది.

మనవైపు పద్ధతి వేరు. తెల్లవాళ్ళుండగా 1946లో, మళ్ళీ 1978లో, 2016 నవంబరు 8న పెద్ద నోట్లు చెల్లవనే అన్నారు. 2023లో రెండువేల నోటునొక్కదాన్నే రద్దనకుండా వెనక్కి పిలిచారు. 2016లో ప్రవాసులకి మరుసటేడు జూన్ 30 దాకా గడువిచ్చారు. కానీ మార్చుకోవడానికి రిజర్వు బ్యాంకు చూపించినవి అయిదే ఊళ్ళు: ముంబయి, ఢిల్లీ, చెన్నై, కలకత్తా, నాగపూర్. హైదరాబాదు లేదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళకైతే ఆ అవకాశమే లేదు.

ఆ రద్దు సరైనదేనని 2023 జనవరిలో సుప్రీంకోర్టు 4–1తో తేల్చింది. ఇంత పెద్ద పని గెజిట్ ప్రకటనతో కాదు, చట్టం ద్వారా చెయ్యాల్సిందని జస్టిస్ నాగరత్న విడిగా రాశారు. నాకు ఆవిడ మాటే సబబనిపిస్తుంది. ఈలోగా, మళ్ళీ వెళ్ళినప్పుడు టాక్సీకి పనికొస్తాయని మనం సొరుగుల్లో దాచుకున్న ఆ నోట్లు ఇండియాలో పదికి మించి దగ్గరుంటే జరిమానా అని 2017లో చట్టమే వచ్చింది.