మూడేళ్లు చాలన్న రసికుడు

1929 ఆగస్టులో ఇరవై రెండేళ్ల అమెరికన్ యువకుడొకడు వెనిస్ నగరంలో ఎల్ గ్రెకో చిత్రాల జాడ వెదుకుతూ గ్రీకుల చర్చిలోకి అడుగుపెట్టాడు. లోపల ఎవరివో అంత్యక్రియలు జరుగుతున్నాయి. కాసేపు దూరంగా నిలబడి చూసి బయటికి వచ్చేశాడు. ఆ శవపేటికలో ఉన్నది సెర్గేయ్ డయాగిలేవ్ అని తర్వాత గాని అతనికి తెలియలేదు. ఇరవయ్యేళ్లపాటు యూరప్ రంగస్థలాన్ని ఏలిన ‘బాలే రూస్’ బృందానికి అధిపతి ఆయన. ఇన్సులిన్ వాడుకలోకి వచ్చి ఏడేళ్లు గడిచినా, మధుమేహంతోనే పోయాడు. ఆయనతోపాటు ఆ బృందమూ పోయింది. కొన్ని వారాల ముందే ఈ యువకుడు లండన్‌లో ఆ బృందం ‘ప్రాడిగల్ సన్’ ఆడగా చూసి వచ్చాడు. తాను వెంటాడుతున్న కళకు తెలియకుండానే తుదివీడ్కోలు చెప్పి వచ్చాడన్నమాట.

అతని పేరు లింకన్ కర్‌స్టీన్. పుట్టింది 1907లో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో. పెరిగింది బోస్టన్‌లో. తండ్రి లూయీ కర్‌స్టీన్ ఫైలీన్స్ అనే పెద్ద దుకాణంలో భాగస్వామి. 1916లో డయాగిలేవ్ బృందం బోస్టన్ వచ్చినప్పుడు, పిల్లవాడు మరీ చిన్నవాడని తల్లిదండ్రులు తీసుకెళ్లలేదు. ఆ వెలితి కర్‌స్టీన్‌ను జీవితాంతం వెంటాడింది. నాలుగేళ్ల తర్వాత అన్నా పావ్లోవా నృత్యం చూశాడు. 1920లలో అక్క మినాతో కలిసి వేసవి సెలవులకు లండన్ వెళ్లినప్పుడల్లా రష్యన్ల బాలే ఎక్కడ ఆడుతుంటే అక్కడ వాలేవాడు. హార్వర్డ్‌లో చదువుతూనే ‘హౌండ్ అండ్ హార్న్’ అనే సాహిత్య పత్రిక స్థాపించాడు. ఫోకిన్ దగ్గర కొన్నాళ్లు పాఠాలు కూడా నేర్చుకున్నాడు. ఆరడుగులు దాటిన ఆ భారీ విగ్రహానికి నర్తకుడయ్యే యోగం లేదని అతనికే తెలుసు.

మార్టిన్ డూబర్మన్ 2007లో వెలువరించిన ‘ద వరల్డ్స్ ఆఫ్ లింకన్ కర్‌స్టీన్’ అనే బృహద్గ్రంథంలో ఈ మనిషి పూర్తిగా దర్శనమిస్తాడు. డైరీలు, ఉత్తరాలు తవ్వితీసి రాసిన జీవితచరిత్ర అది. కొన్నిచోట్ల ఎవరితో విందు, ఎవరితో వాగ్వాదం అన్న వివరాల్లో పాఠకుడు మునిగిపోతాడు. అయినా ఒక ప్రశ్న పుస్తకం పొడవునా వదలదు. తాను ఆడలేని, కూర్చలేని, ఏటా సముద్రం దాటి వెళితే తప్ప చూడలేని కళ కోసం ఒక ప్రేక్షకుడు ఏం చేయగలడు?

కర్‌స్టీన్‌కు జవాబు 1933 వేసవిలో దొరికింది. ‘లే బాలే 1933’ అనే కొత్త బృందాన్ని ప్యారిస్‌లో చూశాడు. అది లండన్ వెళితే తానూ లండన్ వెళ్లాడు. దాని నృత్యకర్త జార్జ్ బాలన్షీన్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి 1924లో రష్యా వదిలివచ్చినవాడు. ‘ప్రాడిగల్ సన్’ కూర్చింది ఆయనే. అప్పటికి వయసు ఇరవై తొమ్మిది. క్షయ సోకి శానటోరియంలో నెలల తరబడి గడిపివచ్చిన శరీరం. బృందమేమో మూతపడబోతోంది. జూలై 16న కర్‌స్టీన్ లండన్ హోటలు గదిలో కూర్చుని, హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథినియం మ్యూజియం డైరెక్టర్ చిక్ ఆస్టిన్‌కు పదహారు పేజీల ఉత్తరం రాశాడు. మూడేళ్లలో అమెరికాకు సొంత బాలే ఏర్పరచవచ్చు, ఇతణ్ని తప్పక రప్పించాలి, డబ్బు కూడగట్టాలి అని దాని సారాంశం. ఆ ఉత్తరం రాసినవాడికి ఇరవై ఆరేళ్లు. చేతిలో బృందం లేదు, రంగశాల లేదు, పాఠశాల లేదు.

ఆ ఉత్తరంలోనే మరో మాట ఉంది. పాఠశాలలో తెల్లపిల్లలతోపాటు నల్లజాతి పిల్లలనూ తీసుకోవాలని ప్రతిపాదించాడు. 1933 నాటి అమెరికాలో అది మామూలు మాట కాదు. కానీ పాఠశాల తెరిచినప్పుడు అది జరగలేదు. ఆర్థర్ మిచెల్ అనే నల్లజాతి నర్తకుడు ఆ బృందంలో చేరడానికి 1955 దాకా ఆగాల్సివచ్చింది. 1957లో ‘అగాన్’లో మిచెల్, డయానా ఆడమ్స్ అనే తెల్లజాతి నర్తకి జంటగా ఆడినప్పుడు ఇరవై నాలుగేళ్ల కిందటి ఉత్తరం ఎవరికైనా గుర్తుకొచ్చిందో లేదో గాని, ఆ ఆలస్యానికి కర్‌స్టీన్‌నూ బాధ్యుల జాబితా నుంచి తప్పించలేం.

ముందు పాఠశాల, తర్వాతే బృందం అన్నది బాలన్షీన్ పెట్టిన షరతు. 1933 అక్టోబరులో న్యూయార్క్‌లో ఓడ దిగాడు. హార్ట్‌ఫర్డ్ మరీ చిన్న ఊరుగా తోచడంతో ఆ ఏర్పాటు మొదట్లోనే బెడిసికొట్టింది. కర్‌స్టీన్ సహాధ్యాయి ఎడ్వర్డ్ వార్‌బర్గ్ డబ్బు సమకూర్చగా, 1934 జనవరి 2న మాడిసన్ అవెన్యూలో స్కూల్ ఆఫ్ అమెరికన్ బాలే తెరుచుకుంది. అక్కడి విద్యార్థినుల కోసం చైకోవ్‌స్కీ సంగీతానికి బాలన్షీన్ కూర్చినదే ‘సెరెనేడ్’. మొదటి సాయంత్రం పదిహేడుమంది అమ్మాయిలు వచ్చారు, పదిహేడుమందితో మొదలుపెట్టాడు. మరొకరోజు తొమ్మిదిమందే వచ్చారు, తొమ్మిదిమందికే కూర్చాడు. ఒకమ్మాయి ఆలస్యంగా వచ్చింది, ఒకమ్మాయి పడిపోయింది. ఆ రెండూ నృత్యంలో భాగమైపోయాయి. ఆ జూన్‌లో వైట్ ప్లెయిన్స్ దగ్గర వార్‌బర్గ్ కుటుంబం తోటలో, వాన వల్ల ఒకరోజు వాయిదాపడి, అది తొలిసారి ప్రదర్శితమైంది. ఇప్పటికీ ఆ ఆలస్యమూ, ఆ పతనమూ అలాగే ఆడుతున్నారు. గురువు దేహం నుంచి శిష్యుని దేహానికి చేరే విద్యలో పొరపాటు కూడా సంప్రదాయమవుతుందని కూచిపూడి యక్షగానాలు చూసి పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

మన కూచిపూడికీ ఇలాంటి మనిషి లేకపోలేదు. ఏలూరు న్యాయవాది, స్వయంగా రంగస్థల నటుడు బండా కనకలింగేశ్వరరావు ఆ ఊళ్లో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలబెట్టడానికి పాటుపడ్డాడు. తేడా ఏమిటంటే, కనకలింగేశ్వరరావుకు ఊరూ, భాగవతులూ ముందే ఉన్నారు. నిలబెట్టవలసింది గౌరవాన్ని. కర్‌స్టీన్ మాత్రం కళాకారుణ్ని సముద్రం దాటించి, ఆ కళకు ఊరినే కట్టవలసివచ్చింది.

మూడేళ్ల గడువు కాస్తా పదిహేనేళ్లయింది. అమెరికన్ బాలే అనే బృందం మెట్రోపాలిటన్ ఒపేరాలో చేరి, పొసగక 1938లో బయటపడింది. బాలే కారవాన్ అనే మరో బృందం బస్సుల్లో ఊళ్లు తిరిగింది. బాలన్షీన్ బ్రాడ్వేకీ, హాలీవుడ్‌కీ వెళ్లి సంపాదించుకున్నాడు. తర్వాత యుద్ధం. సామాన్య సైనికుడిగా యూరప్ వెళ్లిన కర్‌స్టీన్, నాజీలు దోచిన కళాఖండాలను వెదికే దళంలో పనిచేశాడు. ఆస్ట్రియాలో ఆల్టౌస్సే ఉప్పుగనిలో దాచిన ఘెంట్ చిత్రఫలకాలు బయటపడ్డప్పుడు అక్కడున్నవారిలో అతనొకడు. ఆ ఒక్క ఘట్టమే ఇంకొకరి జీవితచరిత్రకు చాలు. ఇతనికది మధ్యలో వచ్చిన అధ్యాయం మాత్రమే.

1946లో చందాదారులకు మాత్రమే ప్రవేశం ఉన్న బాలే సొసైటీని ప్రారంభించాడు. తొలి ప్రదర్శన ఏ వైభవమైన రంగశాలలోనో కాదు, కుట్టుపని నేర్పే ఒక హైస్కూలు హాలులో. తండ్రి నుంచి సంక్రమించిన డబ్బు నీళ్లలా కరిగిపోతోంది. 1948లో న్యూయార్క్ సిటీ సెంటర్ ఆర్థికవ్యవహారాలు చూసే న్యాయవాది మోర్టన్ బామ్, ‘ఆర్ఫియస్’ చూసి చలించిపోయి, ఈ బృందం నగరపు సొంత బృందంగా ఇక్కడే ఉండకూడదా అని అడిగాడు. అదే జరిగితే మూడేళ్లలో అమెరికాలోకెల్లా మేటి బృందాన్ని ఇస్తానన్నాడు కర్‌స్టీన్. మళ్లీ ఆ మూడేళ్లే! ఆ అక్టోబరు 11న న్యూయార్క్ సిటీ బాలే తొలి ప్రదర్శన జరిగింది. ఈసారి మాట దాదాపు నిలబడింది.

దీని వెనక ఖర్చుపద్దులో డబ్బు ఒక్కటే లేదు. ఉన్మాదం, విషాదం ఒకదాని వెంట ఒకటి తరుముకొచ్చే మనోవ్యాధి కర్‌స్టీన్‌ను పట్టి పీడించింది. పలుమార్లు ఆసుపత్రి పాలయ్యాడు. డూబర్మన్ ఈ విషయాన్ని దాచడు, రంగులూ పులమడు. ఆ పదహారు పేజీల ఉత్తరంలోని ఉధృతిని, ఒకేసారి పది పనులు తలకెత్తుకునే ఆ వేగాన్ని చూసి, ఇదంతా జబ్బు చలవేనని తేల్చడం తేలిక. వైద్యగ్రంథాలు అలవాటైన పాఠకుడికి ఆ ప్రలోభం మరీ ఎక్కువ. కానీ ఉన్మాదం వారాల్లో, నెలల్లో దిగిపోతుంది. నలభై తొమ్మిదేళ్లు ఒకే మనిషిని వెన్నంటి నిలవడానికి, చందాలు అడగడానికి, అద్దెలు కట్టడానికి కావలసింది వేరే.

తాను కట్టిన ఇంటికి ఎలాంటి ప్రేక్షకులు వచ్చారో కూడా చెప్పుకోవాలి. వారిలో ఎడ్వర్డ్ గోరీని మరచిపోవడం ఎవరికీ సాధ్యం కాదు. నలుపు సిరాతో మృత్యువునూ హాస్యాన్నీ కలిపి బొమ్మల పుస్తకాలు గీసిన చిత్రకారుడు. కర్‌స్టీన్ బాలే కోసం సముద్రాలు దాటితే, గోరీ జీవితంలో ఒక్కసారే, స్కాట్లాండ్ దీవులు చూడడానికి, విదేశం వెళ్లాడు. 1950ల చివరి నుంచి పాతికేళ్లకు పైగా, న్యూయార్క్ సిటీ బాలే ఆడిన దాదాపు ప్రతి ప్రదర్శనకూ హాజరయ్యాడు. డిసెంబరు నెలంతా ఆడే ‘నట్‌క్రాకర్’ను కూడా వదిలేవాడు కాదు. పొడుగాటి బొచ్చుకోటు, కింద టెన్నిస్ బూట్లు, నిండుగా గడ్డం, వేళ్లనిండా ఉంగరాలు. విరామంలో ఆ ఆకారం నడవాలో ఎక్కడ నిలబడితే అక్కడ వాదోపవాదాలు మొదలయ్యేవి. 1973లో తనలాంటివారి పిచ్చిమీద ‘ద లావెండర్ లియొటార్డ్’ అనే చిన్న పుస్తకం గీశాడు. ఒకే నృత్యాన్ని ఇన్నిసార్లు ఎందుకు చూడాలన్నది బయటివారి ప్రశ్న. ఒకే నృత్యం రెండోసారి ఉండదన్నది నిత్యం చూసేవారి అనుభవం. ఒకే కీర్తనను పాతికేళ్లు విన్నవారు మన సభల్లోనూ ఉంటారు. వారినెవరూ పిచ్చివారనరు, ఎదుట అనరు.

1978 ప్రాంతంలో బాలన్షీన్ అడుగు తడబడసాగింది. ముందు సమతూకం, తర్వాత చూపు, వినికిడి, చివరికి మాట, జ్ఞాపకం. జీవితమంతా ఇతరుల పాదాలకు సమతూకం నేర్పినవాడికి చిన్నమెదడు నుంచే జబ్బు మొదలైంది. 1982 నవంబరులో రూజ్‌వెల్ట్ ఆసుపత్రిలో చేరినవాడు మళ్లీ ఇంటికి రాలేదు. 1983 ఏప్రిల్ 30న మరణించాడు. అది క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకబ్ వ్యాధి అని శవపరీక్ష తర్వాతే నిర్ధారణ అయింది. ఆ రోజు ప్రదర్శన ఆపలేదు. కర్‌స్టీన్ తెర ముందుకు వచ్చి, బాలన్షీన్ ఇప్పుడు మొజార్ట్, చైకోవ్‌స్కీ, స్ట్రావిన్‌స్కీల సన్నిధిలో ఉన్నాడని ప్రేక్షకులకు చెప్పాడు. ఇంకొక అంత్యక్రియ. ఈసారి పేటికలో ఎవరున్నారో అతనికి తెలుసు, వెనక బృందం కూడా మిగిలే ఉంది.

కర్‌స్టీన్ 1989 దాకా ఆ సంస్థ పనుల్లోనే ఉండి, 1996 జనవరి 5న ఎనభై ఎనిమిదో ఏట కన్నుమూశాడు. గోరీ మాత్రం ఉండలేకపోయాడు. బాలన్షీన్ లేని న్యూయార్క్‌లో తనకు పని లేదనుకుని, సామాను సర్దుకుని కేప్ కాడ్‌లోని యార్మత్‌పోర్ట్‌లో పాత ఇంటికి మకాం మార్చేశాడు. జంతువులమీద జాలి పెరిగి, బొచ్చుకోట్లు వేసుకోవడమూ మానేశాడు. రకూన్ల కుటుంబమొకటి ఆ ఇంటి అటకమీద కాపురం పెట్టింది. ఒకప్పుడు ప్రతి సాయంత్రం వాటి తోలు తొడుక్కుని బాలేకు వెళ్లిన మనిషి, వాటిని వెళ్లగొట్టలేదు.