కర్ణాటక సంగీతంలో మాండొలిన్

మాండొలిన్ ఇటలీలో రూపుదిద్దుకున్న తీగవాద్యం. మన దేశంలో చాలాకాలం ఎక్కువగా సినిమా పాటల వాద్యబృందాల్లోనే వినిపించింది. దాన్ని కర్ణాటక కచేరీలో ప్రధాన వాద్యంగా నిలిపినవారు ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014).

శిక్షణ

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఆరేళ్ల వయసులో తండ్రి మాండొలిన్‌ను చేతబట్టిన శ్రీనివాస్‌కు, తండ్రి గురువైన రుద్రరాజు సుబ్బరాజు సంగీతం నేర్పారు. గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నదాన్ని తీగల మీద పలికించేవాడు. శ్రీనివాస్ వాదనలోని గాత్రధోరణికి మూలం ఈ పాఠమే.

వాద్యంలో మార్పులు

మామూలు మాండొలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన స్వరం త్వరగా ఆరిపోతుంది. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడానికి, తీగను పక్కకు లాగితే, జంట తీగలు ఏమాత్రం తేడాగా సాగినా అపశ్రుతి పలుకుతుంది. గమకం లేకుండా కర్ణాటక రాగం పలకదు: ఉదాహరణకు తోడి రాగంలో గాంధారం (గ స్వరం) మెట్టు మీద కదలకుండా నిలబడితే తోడి అనిపించదు, ఊగుతూ పలకాలి. అందుకే శ్రీనివాస్ జంట తీగలను వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నారు. చూపులకు చిన్న గిటారులా ఉండే ఈ వాద్యంలో నాదం ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఒక్క మీటు మీదే గమకాన్ని సాగదీయవచ్చు.

కచేరీలు

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. 1981 డిసెంబరు సంగీత సీజన్‌లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై వాయించారు. పాశ్చాత్య వాద్యానికి రాగాలు లొంగుతాయా అని సందేహించినవారు లేకపోలేదు. అయితే బాలుస్వామి దీక్షితర్ (1786–1859) కర్ణాటక సంగీతానికి మలచిన వయొలిన్ అప్పటికే కచేరీలో విడదీయరాని పక్కవాద్యమైంది. మాండొలిన్ అంతకన్నా ముందుకు వెళ్లి, రాగం తానం పల్లవిని మోసే ప్రధాన స్థానం అందుకుంది.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం ఆయనను విదేశీ శ్రోతలకు పరిచయం చేసింది. 1995లో గిటారు వాద్యకారుడు మైఖేల్ బ్రూక్‌తో 'డ్రీమ్' ఆల్బమ్ వెలువడింది. తర్వాత గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరారు.

గుర్తింపు, కొనసాగింపు

శ్రీనివాస్‌కు 1998లో పద్మశ్రీ, 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించాయి. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన తమ్ముడు, శిష్యుడు యు. రాజేష్ మాండొలిన్ కచేరీలను కొనసాగిస్తున్నారు.