జంట కటకముల కెమెరా: చవుకదనము వెనుక చరిత్ర

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై దాదాపు సగము దూరమున సూర్యాపేట, దానిని దాటిన పిదప కోదాడ కలవు. మిర్యాలగూడ ఆ మార్గమునకు దక్షిణమున నున్నది. గత శతాబ్దపు ఉత్తరార్ధమున ఇటువంటి పట్టణములలోని ఫొటో స్టూడియోలకు అండగా నిలచిన పరికరములలో జంట కటకముల కెమెరా ఒకటి. దీని ముఖమున రెండు కటకములు ఒకదానిపై నొకటి అమరియుండును. ఫొటోగ్రాఫరు దీనిని కంటికి ఆనించుకొనడు. రొమ్ము ఎత్తున పట్టుకొని, తల వంచి పైనుండి చూచును.

ఒక ఫిల్ము చుట్టకు పన్నెండు చిత్రములు మాత్రమే వచ్చును. తలంబ్రాల వేళ షట్టరు మొరాయించినచో ఆ ఘడియ మరల రాదు. కాబట్టి స్వల్ప ధరకు కెమెరా కొనువాడు ఏది వదలుకొనవచ్చునో, ఏది వదలుకొనరాదో తెలిసియుండవలెను. దీనికి సమాధానము ఆ కెమెరా చరిత్రలోనే కలదు.

జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరమున ఫ్రాంకె, హైడెకె అను ఇరువురు 1920లో ఒక సంస్థను స్థాపించిరి. వారు మొదట మూడు కటకముల కెమెరాలు చేసిరి. అంచులనున్న రెండు కటకములు ఒకే దృశ్యమును రెండు చిత్రములుగా తీసెడివి. వానిని తగిన పరికరములో చూచినచో దృశ్యపు లోతు గోచరించును. నడిమి కటకము చూచుటకు మాత్రమే. తీయు కటకములలో ఒకదానిని తొలగించి, మిగిలిన రెంటిని నిలువుగా అమర్చగా 1929లో రోలీఫ్లెక్స్ పుట్టినది.

దీని పని సులభముగా బోధపడును. పై కటకము గుండా వచ్చిన కాంతి 45 డిగ్రీల వాలుగా నున్న అద్దముపై పడి, పైనున్న గరుకు గాజుపై ప్రతిబింబము నేర్పరచును. బొమ్మ నిటారుగానే యుండును గాని కుడియెడమలు తారుమారగును. క్రింది కటకము ఫిల్ముపై చిత్రము తీయును. రెండును ఒకే పలకపై కలిసి కదలును గనుక, పైన స్పష్టముగా కనబడినది క్రిందను స్పష్టముగా పడును.

రోలీఫ్లెక్స్ ఖరీదైనది. ఆ పిమ్మట దాని చరిత్ర చాలవరకు ధర తగ్గించు ప్రయత్నముల చరిత్రయే. 1933లో అదే సంస్థ రోలీకార్డ్‌ను తెచ్చినది. ఇందులో ఫిల్మును త్రిప్పు పిడికి బదులు సామాన్యమైన బొత్తమును అమర్చిరి. నాలుగు గాజుల టెస్సార్ కటకమునకు బదులు మూడు గాజుల కటకము వాడిరి. మూడు గాజుల కటకమును ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ 1893లోను, టెస్సార్‌ను జర్మనీలో పాల్ రుడాల్ఫ్ 1902లోను రూపొందించిరి.

1949లో లెనిన్‌గ్రాడులో లుబిటెల్ తయారైనది. ఈ రష్యను మాటకు ఔత్సాహికుడని అర్థము. దీని పెట్టె బేకలైటుది. కదలు పలకకు బదులు, రెండు కటకముల అంచులకు పండ్లు చెక్కి, ఒకటి తిరిగిన రెండవదియు తిరుగునట్లు చేసిరి. చూచు గాజు నడుమ ఒక చిన్న వలయము మాత్రమే గరుకుగా నుండును. జపానులో 1950లో వచ్చిన రికోఫ్లెక్స్‌లోను ఇట్టి పండ్ల అమరికయే కలదు.

జపానువారి యాషికా మన దేశమున మిక్కిలి పేరు పొందినది. 1957లో వెలువడిన యాషికా మ్యాట్‌లో పిడి త్రిప్పిన ఫిల్ము జరుగుట, షట్టరు సిద్ధమగుట రెండును జరుగును. అంతకంటె చవుకైన యాషికా-ఏలో ఎర్రని కిటికీ గుండా అంకెను చూచుచు ఫిల్మును జరుపవలెను. మరచినచో ఒక చిత్రముపై మరొకటి పడును.

ఇట్లు తగ్గించినవానిలో నష్టమెంత? సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రి ఆలయములను ఉదాహరణగా తీసికొందము. ఎండలో గోపురమును తీయుటకు ఈ కెమెరాలన్నియు చాలును. ద్వారమును 8 లేక 11 అంకెకు కుదించినచో మూడు గాజుల కటకమునకును నాలుగు గాజుల దానికిని భేదము బాగుగా తగ్గును. పైగా ఫిల్ముపై చిత్రము సుమారు 56 మిల్లీమీటర్ల చదరము, 35 మి.మీ. ఫిల్ము చిత్రముకంటె మూడున్నర రెట్లకు పైగా వైశాల్యము. అంత పెద్ద నెగటివును కొద్దిగా పెంచిన చాలును గనుక కటకపు లోపములు అంతగా బయటపడవు. మండపము లోపలి నీడలో మాత్రము చిక్కు కలదు. యాషికా-ఏ షట్టరు వేగము సెకనులో 25వ వంతుకంటె తగ్గదు. అయితే ముక్కాలిపీటపై నిలిపి, "బి" గుర్తుపై నుంచి, నొక్కి పట్టి సెకనులు లెక్కించినచో ఆ కొరతయు తీరును.

కావున పిడి, నాలుగవ గాజు, కాంతిమాపకము లేకున్నను పని సాగును. 1970లో వచ్చిన యాషికా మ్యాట్ 124జిలోని మాపకము పాదరసపు బ్యాటరీతో పనిచేసెడిది. అట్టి బ్యాటరీల అమ్మకము తరువాత నిలిచిపోయినది. సరియైన షట్టరు, బూజు పట్టని కటకము, రెండు కటకముల పొందిక - ఈ మూడును లేని కెమెరా ఎంత చవుకైనను వ్యర్థమే.

120 ఫిల్ము నేటికిని తయారగుచున్నది గనుక పాత కెమెరా కొనువారు పొందికను ఈ విధముగా పరీక్షింపవచ్చును. వెనుక తలుపు తెరచి, ఫిల్ము ఉండు చోట పల్చని ట్రేసింగు కాగితమును బిగువుగా అంటింపవలెను. షట్టరును "బి"పై తెరచి పట్టి, ద్వారమును పూర్తిగా విప్పి, దూరమున నున్న పెద్ద అక్షరముల పలకవైపు కెమెరాను నిలుపవలెను. పై గాజులో అక్షరములు తేటపడినప్పుడే కాగితముపైనను తేటపడవలెను. దగ్గరి వస్తువుతోను ఇట్లే చూడవలెను. రెండు చోట్లను పొందిక కుదిరినచో ఆ కెమెరాను నమ్మవచ్చును. పదవ తరగతిలో చెప్పు కాంతి పాఠమునకు ఇంతకన్న చక్కని ప్రయోగము అరుదు.