వరండా మూసేయాలనుకుంటున్నారా? బుక్కరాయసముద్రం ఎండకు సరిపడే గది ఎలా ఉండాలి

ఇంటి ముందు పది అడుగుల వరండా ఉంటుంది. దుమ్ము వస్తోందని, దారిన పోయేవాళ్ళకు ఇల్లంతా కనబడుతోందని, మెహమాన్లు వస్తే కూర్చోబెట్టడానికి చోటు లేదని దాన్ని మూసేయాలనే ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న బంధువు అద్దాల గది ఫొటో పంపిస్తే ఆలోచన ఇంకా గట్టిపడుతుంది. అయితే ఆ ఫొటోలో ఉన్న గదిని ఉన్నది ఉన్నట్టు బుక్కరాయసముద్రంలో కడితే డిసెంబర్‌లో బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం అందులో ఎవరూ కూర్చోలేరు. డబ్బు పెట్టేముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవి.

సన్‌రూమ్ అంటే ఏమిటి?

సన్‌రూమ్ చలిదేశాల గది. బ్రిటన్‌లో దీన్ని కన్సర్వేటరీ అంటారు. అక్కడ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో నెలల తరబడి చలి ఉంటుంది కాబట్టి దొరికిన కాస్త ఎండను గదిలో పట్టి ఉంచడానికి గోడలకు, ఒక్కోసారి పైకప్పుకు కూడా అద్దాలు పెడతారు. గాజు ఎండను లోపలికి రానిస్తుంది. ఆ ఎండకు నేల, సోఫా, గోడలు వేడెక్కుతాయి. వాటి నుంచి వచ్చే వేడిని మాత్రం గాజు అంత సులువుగా బయటికి పోనివ్వదు. ఎండలో తలుపులు మూసి నిలబెట్టిన కారు లోపల ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. సన్‌రూమ్ పనిచేసేదీ అలాగే.

ప్యాటియో ఎన్‌క్లోజర్ అంటే ఇంటిని ఆనుకుని ఉన్న ఖాళీ చోటుకు కప్పు వేసి, పక్కలు మూయడం. మన దగ్గర వరండాను, పెరటి పంచను, మిద్దె మీద మెట్ల ముందు చోటును ఇలా మూస్తుంటారు. మన ఇళ్ళకు పనికొచ్చేది ఇదే. అయితే అక్కడ ఎండను పట్టుకోవడానికి కడితే, ఇక్కడ ఎండను ఆపి గాలిని రానివ్వడానికి కట్టాలి.

ఇక్కడి వాతావరణం

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి గట్టిగా వీస్తుంది. జిల్లాలో గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. వానలు ఎక్కువగా సెప్టెంబర్, అక్టోబర్‌లో పడతాయి. గాలిలో తేమ, ఉక్కపోత ఉండేది ముఖ్యంగా అప్పుడే.

మచిలీపట్నంలోనో చెన్నైలోనో వరండా మూసేవారికి ఏడాదంతా తేమతో, బూజుతో పోరాటం. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం పొడి వేడితో, దుమ్ముతో పోరాటం. తేమ రెండు నెలలే ఉన్నా, గది సరిగ్గా కట్టకపోతే ఆ రెండు నెలల్లోనే గోడలు చెమ్మెక్కి పెచ్చులూడతాయి. విజయనగర కాలపు చెరువు పేరే ఊరి పేరైన ఈ ఊళ్ళో, చెరువుకు దగ్గరగా ఉన్న ఇళ్ళకు నీళ్ళున్న కాలంలో దోమల బెడద కూడా ఉంటుంది.

పాత ఇళ్ళు ఏం చేశాయి?

రాయలసీమ మట్టిమిద్దెలకు మందపాటి గోడలు, పైన మందంగా పరిచిన మట్టి, వెలుతురు కోసం కప్పులో చిన్న గవాక్షం ఉండేవి. ఇంటిముందు పంచలో నీడ ఉండేది, పక్కలు మాత్రం తెరిచే ఉండేవి. ముస్లిం ఇళ్ళలో దాలాన్‌కు చిల్మన్ వేలాడదీసేవారు. సన్న వెదురు బద్దల ఆ తెర వెనక కూర్చున్నవారికి వీధి కనిపిస్తుంది. వీధిలో వెళ్ళేవారికి లోపలున్నవారు కనిపించరు. గాలి మాత్రం ఆగదు.

చిల్లుల తెరతో ఎండనూ చూపునూ ఆపే పద్ధతి వేడిదేశాల్లో చాలా చోట్ల ఉంది. కైరో పాత ఇళ్ళకు చెక్క అల్లికతో చేసిన మష్రబియా కిటికీలు ఉంటాయి. హైదరాబాద్‌లో పైగా సమాధుల దగ్గర జాలీ పనితనం చూడటానికి ఇప్పటికీ జనం వెళ్తుంటారు. ఈరోజు సిమెంటు జాలీ దిమ్మెలతో, మట్టి జాలీలతో అదే పని తక్కువ ఖర్చులో చేసుకోవచ్చు.

ముందు దిక్కు చూడండి

వాస్తు మాట పక్కన పెట్టి సూర్యుడు ఎటు నుంచి వస్తాడో చూడాలి. బుక్కరాయసముద్రం సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర, మళ్ళీ ఆగస్టు మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అందుకే వేసవిలో వేడి ఎక్కువగా కప్పు నుంచే దిగుతుంది.

దక్షిణం వైపు వరండా అదృష్టమే. డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు సుమారు 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మూడు అడుగుల సజ్జా ఉంటే దాని కింద దాదాపు నాలుగు అడుగుల మేర నీడ పడి, ఆ కిందికి ఎండ వస్తుంది. చలికాలం పొద్దున నానీ, దాదీ కూర్చోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. వేసవి మధ్యాహ్నం అదే సజ్జా ఎండను పూర్తిగా ఆపేస్తుంది.

పడమర వరండాతోనే చిక్కు. మే నెలలో సాయంత్రం నాలుగు దాటాక సూర్యుడు సుమారు 32 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అప్పుడు మూడు అడుగుల సజ్జా రెండు అడుగుల మేరకే నీడనిస్తుంది. ఏడు అడుగుల ఎత్తు ఖాళీలో మిగతా అయిదు అడుగులూ ఎండే. ఇక్కడ అద్దం అసలు పెట్టకూడదు. జాలీ గోడ గానీ, వెదురు చిక్ గానీ, పైకి చుట్టుకునే గ్రీన్ నెట్ గానీ కావాలి. అవి కూడా అద్దానికి బయటివైపు ఉండాలి. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు.

తూర్పు వరండాలో పొద్దుటి ఎండే కాబట్టి చిక్ సరిపోతుంది. ఉత్తరం వైపు పెద్ద కిటికీలు పెట్టుకున్నా ఇబ్బంది తక్కువ.

పైకప్పు: సగం ఖర్చు ఇక్కడే పెట్టాలి

ఉత్త ఇనుప రేకు కింద మధ్యాహ్నం కూర్చోలేం. రేకే వేయాలనుకుంటే తెల్లరంగుది తీసుకుని, కింద కొంత ఖాళీ వదిలి ఫాల్స్ సీలింగ్ వేయాలి. ఆ ఖాళీలో వేడిగాలి బయటికి పోవడానికి రెండు పక్కలా చిల్లులు ఉండాలి. రెండు రేకుల మధ్య ఫోమ్ ఉండే ప్యానెళ్ళు ఇంకా మేలు, ధర కూడా ఎక్కువే. ఆస్‌బెస్టాస్ ఉన్న సిమెంటు రేకులు వద్దు. కోసినా, పగిలినా వచ్చే సన్నటి ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. పాతవి తీసేటప్పుడు కూడా తడిపి, పగలకుండా దించాలి.

వెలుతురు కోసం కప్పంతా పాలీకార్బనేట్ షీటు వేస్తే వరండా పొయ్యిలా మారుతుంది. ఒక పట్టీ వేస్తే చాలు. ఎండను తట్టుకునే పూత ఆ షీటుకు తరచుగా ఒకవైపే ఉంటుంది. ఆ వైపు పైకి రాకపోతే కొన్నేళ్ళకే పసుపెక్కి పెళుసుబారుతుంది. బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోవాలి.

స్లాబు ఉంటే దానిమీద సున్నం గానీ, తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ వేయిస్తే వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది.

గాలి లెక్క

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం పొడి వేడి ప్రాంతాల్లో గాలి వచ్చే ఖాళీ నేల విస్తీర్ణంలో కనీసం పదో వంతు ఉండాలి. తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలి. 10 అడుగులకు 12 అడుగుల వరండా అంటే 120 చదరపు అడుగులు. మొదటి లెక్కన 12, రెండో లెక్కన 20 చదరపు అడుగుల ఖాళీ కావాలి. సెప్టెంబర్ ఉక్కపోత గుర్తున్నవారు 20 లెక్కే పెట్టుకోవడం మంచిది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, స్లైడింగ్ కిటికీ. రెండు పలకల స్లైడింగ్ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. 20 చదరపు అడుగుల కిటికీ కొంటే గాలికి దొరికేది 10 మాత్రమే. రెక్కల కిటికీ అయితే మొత్తం తెరుచుకుంటుంది. రెండోది, వెనక గది. వరండాలోకి తెరుచుకునే కిటికీలున్న పడకగదికి, వంటింటికి ఆ వరండానే ఊపిరి. దాన్ని మూస్తే ఆ గదుల గాలి కూడా ఆగిపోతుంది. వెనక గది 150 చదరపు అడుగులైతే లెక్క 120కి కాదు, 270కి వేయాలి. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపుకు పోవాలి కాబట్టి కిటికీలు కనీసం రెండు వైపులా ఉండాలి.

ఇంట్లోనే ఉండి కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళకు, బయటికి వెళ్ళలేని పెద్దవాళ్ళకు రోజులో ఎక్కువసేపు గాలి తగిలేది వరండాలోనే. మిషన్ పెట్టుకునేది, వుజూ చేసుకుని కూర్చునేది, ఇఫ్తార్‌కు దస్తర్‌ఖాన్ పరిచేది అక్కడే. పర్దా కోసమని నల్ల అద్దాలతో బిగించేస్తే ఎవరి కోసం మూశామో వాళ్ళకే గాలి కరువవుతుంది. పైగా నల్ల అద్దం పగలు మాత్రమే మరుగు. రాత్రి లోపల లైటు వేస్తే బయటివారికి అంతా కనిపిస్తుంది. మూడున్నర అడుగుల గోడ, దానిపైన జాలీ గానీ చిక్ గానీ, లోపల దోమల మెష్ పెడితే పగలూ రాత్రీ మరుగు ఉంటుంది, గాలీ ఉంటుంది.

అద్దం పెట్టే చోట, ముఖ్యంగా తలుపులకు, నేల దాకా వచ్చే కిటికీలకు టఫెన్డ్ గాజే వాడాలి. ఐఎస్ 2553 గుర్తు చూసి తీసుకోవాలి. అది పగిలితే కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. పిల్లలున్న ఇంట్లో దీనిమీద పొదుపు చేయకూడదు.

కూలర్ పెట్టేవారికి

పొడిగాలిలో ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది. కానీ అది చల్లదనంతో పాటు తేమనూ పంపుతుంది. కిటికీలు మూసి కూలర్ వేస్తే గంటలోనే ఉబ్బరం పుడుతుంది, గోడలు తడుస్తాయి. కూలర్ ఒక కిటికీలో పెట్టి ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి. సెప్టెంబర్‌లో కూలర్ కంటే ఫ్యానే మేలు. మూసిన వరండాలో గ్యాస్ గీజర్ పెట్టకూడదు. విషవాయువు చేరి ప్రాణాలు పోతాయి. గ్యాస్ సిలిండర్ కూడా అక్కడ ఉంచవద్దు.

వాన, గాలి, పునాది

తక్కువ వాన పడే ఊరు కదా అని వాలు చూడకుండా కడతారు. 2022 అక్టోబర్‌లో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగిన సంగతి మరిచిపోకూడదు. రేకుల కప్పుకు పది అడుగులకు అడుగు వాలు ఇస్తే మంచిది. నీళ్ళు ఇంటికి దూరంగా, పక్కింటి గోడ మీద పడకుండా పోవాలి. పాత గోడకు కొత్త కప్పు కలిసే అతుకే ఎక్కువగా కారుతుంది. గోడలో గాడి కొట్టి, వంచిన రేకు పట్టీ దూర్చి సీల్ చేయించాలి. పైన సిమెంటు పూస్తే ఎండకు అది పగులుతుంది. ఆషాఢం గాలికి రేకులు లేవకుండా ప్రతి పైపు దగ్గరా బిగింపు ఉండాలి.

నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. అలాంటి చోట కొత్త గోడకు తగినంత లోతు పునాది తీయాలి. పాత గోడతో బిగించి కలపకుండా సన్నటి సందు వదిలి, సాగే సీలెంట్‌తో నింపాలి. నేలకు తాడిపత్రి బండలు చాలు, బయటివైపుకు కొద్దిగా వాలు ఉంటే కడగడం కూడా సులువు.

ఆ కప్పు మీద పడే వానను వదులుకోవద్దు. 120 చదరపు అడుగుల కప్పు మీద ఏడాదిలో సుమారు 6,000 లీటర్ల వాన పడుతుంది. పోయింది పోగా 4,800 లీటర్ల దాకా పట్టుకోవచ్చు. ఒక గొట్టం, ఒక డ్రమ్ము, వాటికి చిన్న ఇంకుడు గుంత తోడైతే చాలు.

అనుమతి, ఒప్పందం, డబ్బు

వరండా మూసినా, ఖాళీ జాగాలో కప్పు వేసినా అది నిర్మాణమే. ముందుగా పంచాయతీలో అడగాలి. ఇంటిచుట్టూ వదలాల్సిన ఖాళీ గురించి 2017 ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు ఉన్నాయి. విస్తీర్ణం పెరిగితే ఇంటిపన్ను మారవచ్చు. పక్కింటి ఆంగన్‌లోకి నేరుగా చూసే కిటికీ పెట్టకపోవడం చట్టానికి ముందే పొరుగువారి హక్కు. గోడ లేపేముందు వాళ్ళతో ఒక మాట చెబితే తర్వాత గొడవ ఉండదు.

మేస్త్రీతో, ఫ్యాబ్రికేటర్‌తో మాటలు కాదు, కాగితం రాసుకోవాలి. పైపు మందం, రేకు మందం, గాజు రకం, మెష్ ఉందా లేదా, కొలత ఫ్రేముతో కలిపా, విడిగానా అన్నీ అందులో ఉండాలి. డబ్బు పని జరిగినంత మేరకే ఇవ్వాలి. చివరి పదో వంతు కప్పు మీద పైపుతో అరగంట నీళ్ళు పోసి, కారడం లేదని చూశాక ఇవ్వాలి. ఇక్కడ వాన కోసం ఎదురుచూస్తే నెలలు గడిచిపోతాయి.

చేతిలో మొత్తం డబ్బు లేకపోతే వడ్డీకి తెచ్చి ఒకేసారి కట్టాల్సిన పని లేదు. ఈ పని విడతలుగా చేసుకోవచ్చు. మొదట కప్పు, తర్వాత చిక్ లేదా నెట్, ఆ తర్వాత సగం గోడ, జాలీ, మెష్. అద్దాలు అన్నిటికంటే చివర. ఒక వేసవి, ఒక వానాకాలం అలా గడిపి చూస్తే అద్దం ఎక్కడ నిజంగా కావాలో తెలుస్తుంది. చాలా ఇళ్ళకు అది ఒకటి రెండు కిటికీలకు మించదు.