ట్యూనింగ్ తర్వాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ స్లిప్ అవుతోందా?

టర్బో పెట్రోలు, డీజిలు కార్ల శక్తి పెంచేందుకు ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను మార్పించుకోవడాన్ని రీమ్యాప్ లేదా ట్యూనింగ్ అంటారు. ఆటోమేటిక్ కార్లలో ఆ తర్వాత కొన్నిసార్లు ఓ చిక్కు వస్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే ఇంజిన్ హోరు పెరుగుతుంది గాని వేగం ఆ మేరకు పెరగదు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. వెంటనే గేర్‌బాక్స్ విప్పించడం గాని, స్కానర్‌తో కోడ్ చెరిపి నడపడం గాని తొందరపాటే.

ముందు కోడ్ అర్థం తెలుసుకోవాలి. పీ0700 కేవలం గేర్‌బాక్స్ కంప్యూటర్ పంపిన కబురు. అసలు కోడ్ ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. చవక స్కానర్లు చాలావరకు దానిని చదవలేవు. పీ0730 అంటే గేరు నిష్పత్తి తప్పిందని, పీ0731 నుంచి పీ0735 వరకు వరుసగా ఒకటి నుంచి ఐదో గేరు వరకు అదే లోపమని అర్థం. టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్ పట్టకపోతే పీ0741, ఆయిల్ ఒత్తిడి తగ్గితే పీ0868 వస్తాయి. పీ0894 నేరుగా స్లిప్‌నే సూచిస్తుంది.

ట్యూనింగ్‌కూ దీనికీ సంబంధం ఇక్కడే ఉంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ సాధారణంగా ఇంజిన్ టార్క్‌ను తానుగా కొలవదు. ఇంజిన్ కంప్యూటర్ లెక్కగట్టి చెప్పిన అంకెను నమ్మి, క్లచ్ ప్లేట్లను నొక్కే ఆయిల్ ఒత్తిడిని నిర్ణయిస్తుంది. టర్బో ఒత్తిడి, ఇంధనం పెంచి టార్క్ లెక్కను మాత్రం సవరించకపోతే, ఇంజిన్ 400 న్యూటన్ మీటర్లు ఇస్తున్నా గేర్‌బాక్స్‌కు 320 అనే అందవచ్చు. 320కి సరిపడే ఒత్తిడితో 400ను పట్టి ఉంచబోతే ప్లేట్లు జారతాయి. అప్పుడు లోపం ఇనుములో కాదు, అంకెల్లో ఉన్నట్లు. ఇక గేర్‌బాక్స్ తట్టుకునే పరిమితినే మించితే ఏ లెక్కా కాపాడదు. టార్క్ కన్వర్టర్ లేని ఫోక్స్‌వ్యాగన్ డీక్యూ200 డ్రై క్లచ్ గేర్‌బాక్స్ పరిమితి 250 న్యూటన్ మీటర్లే.

కోడ్ చెరపకముందే, అది నమోదైన క్షణంలోని ఇంజిన్ వేగం, లోడు, ఉష్ణోగ్రత వివరాలను (ఫ్రీజ్ ఫ్రేమ్) రాసుకోవాలి. చెరిపితే అవీ పోతాయి. తర్వాత ఆయిల్ మట్టం చూడాలి. డిప్‌స్టిక్ లేని కార్లలో తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రత వద్దనే కొలవవలసి ఉంటుంది. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు.

స్కానర్‌లో స్లిప్‌ను లెక్కించడం కష్టం కాదు. గేరు నిష్పత్తి 1.5 అనుకుందాం. అవుట్‌పుట్ షాఫ్టు 2,000 ఆర్‌పీఎం తిరిగితే ఇన్‌పుట్ 3,000 ఉండాలి. 3,200 చూపితే 200 స్లిప్ ఉన్నట్లు. అయితే వేగం సెన్సర్ చెడినా ఇలాగే కనిపిస్తుంది గనుక పీ0715, పీ0720 కోడ్‌లు తోడున్నాయేమో చూడాలి.

ఆ పిమ్మట కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను తిరిగి వేయించి, అదే లోడుతో అదే రోడ్డుపై నడిపి చూడటమే తేల్చే పరీక్ష. స్లిప్ ఆగితే మ్యాప్‌ను అనుమానించాలి. ఆగకుంటే వాల్వ్ బాడీ, పంపు, క్లచ్‌ల వంతు. మాడిన ప్లేట్లు పాత సాఫ్ట్‌వేర్‌తో బాగుపడవు. కాబట్టి ఫుల్ యాక్సిలరేటర్‌తో పదేపదే పరీక్షించరాదు.

మళ్లీ ట్యూనింగ్ చేయించదలిస్తే టార్క్ లెక్కను, గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను కూడా సవరిస్తారా అని ముందే అడగాలి. పాత సాఫ్ట్‌వేర్ వేయించినంత మాత్రాన వారంటీ భద్రమనుకోరాదు. సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మారిందో చాలా కార్ల కంప్యూటర్లలో నమోదై ఉంటుంది.